మోటార్ల షాపు నుంచి టెరిటోరియల్ ఆర్మీ దాకా: నా అనుభవం

టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసర్ పోస్టుకి 2022 జులైలో దరఖాస్తు పెట్టాను. లెఫ్టినెంట్‌గా భుజం మీద రెండు స్టార్లు పడేసరికి 2024 వానాకాలం వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ ఎన్నాళ్ళు ఎదురుచూశానో తెలుగులో ఎవరైనా రాశారేమోనని అప్పట్లో చాలా వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నాకు సూర్యాపేటలో బోరు మోటార్ల షాపు ఉంది. అమ్మకం, రిపేరు, వైండింగ్ అన్నీ చేస్తాం. డెహ్రాడూన్‌లో ట్రైనింగ్ ముగించుకుని వచ్చి మళ్ళీ షాపులో కూర్చుంటే, వచ్చినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: "ఆర్మీల నౌకరి వచ్చిందంట గదా, మళ్ళ షాపు ఎందుకు తీసినవ్?" వాళ్ళ తప్పేం లేదు. మా నాన్నకు నచ్చజెప్పడానికే నాకు ఏడాది పట్టింది. ఇది నౌకరి కాదు. సొంత పని, సొంత సంపాదన ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. ఏటా రెండు నెలలు క్యాంపుకి వెళ్ళాలి, అవసరం పడితే ఎప్పుడు పిలిచినా వెళ్ళాలి. యూనిఫాంలో ఉన్న రోజులకే జీతం. మిగతా పది నెలలు నీ తిండి నువ్వు చూసుకోవాల్సిందే.

నాకు ఈ దారి చూపించింది మా కస్టమరే. సికింద్రాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ లెఫ్టినెంట్ కల్నల్ గారు. సూర్యాపేట దగ్గర వాళ్ళ సొంతూళ్ళో కొంచెం పొలం ఉంది. 2021 ఎండాకాలంలో ఆయన బోరులో మోటారు కాలిపోతే తీయడానికి వెళ్ళాను. ఆర్మీ ఆఫీసర్ అంటే కుర్రాడిగా అకాడమీకి వెళ్ళి, జుట్టు నెరిసేదాకా అందులోనే ఉండేవాళ్ళని అనుకునేవాణ్ణి. ఈయన ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం చేసుకుంటూ ముప్పై దాటాక టెరిటోరియల్ ఆర్మీ (టీఏ)లో చేరారు. కొన్నేళ్ళు రెండు నెలల క్యాంపులు, తర్వాత యూనిట్‌ని పూర్తిస్థాయి సేవలోకి పిలిస్తే కశ్మీర్‌లో ఏళ్ళ తరబడి డ్యూటీ, ఆపైన తిరిగి వచ్చి అదే ఆఫీసులో అదే కుర్చీ. అట్లా వెళ్ళినవాళ్ళని తిరిగి పనిలోకి తీసుకోవాలని 1948 నాటి టీఏ చట్టంలోనే ఉందట. చట్టం ఉన్నా, తనకంటే జూనియర్లు ప్రమోషన్లు కొట్టి పై సీట్లలో కూర్చున్నారని చెప్పి నవ్వారు.

లెఫ్టినెంట్ కల్నల్ దాకా టైమ్ స్కేల్ మీద, అంటే సర్వీసు ఏళ్ళను బట్టి ర్యాంకు వస్తుంది, దానికీ షరతులుంటాయి. కల్నల్, బ్రిగేడియర్ మాత్రం సెలక్షన్. పెన్షన్ రావాలంటే ఆఫీసర్‌కి యూనిఫాంలో ఉన్న సర్వీసే ఇరవై ఏళ్ళు లెక్కకు రావాలి. ఆయనకు అంత రాలేదు, కాబట్టి ఆర్మీ పెన్షన్ లేదు. ఇదంతా ఆయన ఏ బాధా లేకుండా, మోటారు పైపులు లెక్కపెడుతూ చెప్పారు. "లెక్క చూసుకుని రా బాబూ, లేకపోతే రెండో ఏడే చిరాకొస్తుంది" అన్నారు. కోచింగ్‌కి పోకుండా నేను తీసుకున్న మొత్తం గైడెన్స్ ఆ ఒక్క మాటే.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఫీజు అప్పట్లో 200. వయసు 18 నుంచి 42 మధ్య, డిగ్రీ ఉండాలి. నాకప్పుడు ముప్పై ఆరు, చదివింది బీకాం. రాత పరీక్ష సెప్టెంబర్ 25, ఆదివారం. నేను బెంగళూరు సెంటర్ పెట్టుకున్నాను. శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి స్లీపర్ బస్సు, రానూపోనూ రెండున్నర వేలు, ఆటోలు, తిండి అదనం. ఆ ఏడాది పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఇంకొకటి. ఒక్కోదానికి వంద ప్రశ్నలు, రెండు గంటలు. మొదటిది రీజనింగ్, లెక్కలు. రెండోది జీకే, ఇంగ్లిష్. తప్పు రాస్తే అర మార్కు పోతుంది. ఒక్కో పేపర్లో 40 శాతం, రెండూ కలిపి 50 శాతం రావాల్సి ఉండేది. సిలబస్ చూసి భయపడాల్సినంత లేదు గానీ, పదో తరగతి లెక్కలు వదిలేసి ఇరవై ఏళ్ళయినవాళ్ళకి టైము చాలదు. రాత్రిళ్ళు షట్టర్ దించాక మా పాప మ్యాథ్స్ పుస్తకాల మీద కూర్చున్నదే నాకు పనికొచ్చింది. మధ్యాహ్నం విరామంలో అరుగు మీద టిఫిన్ డబ్బాలు విప్పినవాళ్ళలో ఒక డెంటిస్టు, ఒక వకీలు, ఇద్దరు బ్యాంకు ఆఫీసర్లు, ఒక కాఫీ తోట యజమాని ఉన్నారు. పోటీ పరీక్ష హాలు బయట ఉండే మొహాలు కావు అవి. ఎవరికీ ఇది బతుకు సమస్య కాదు, అయినా అందరికీ టెన్షనే.

ఫలితం చలికాలంలో వచ్చింది. అప్పటిదాకా రోజూ రాత్రి సైటు తెరిచి చూడటం, మూసేయడం. పేరు కనిపించిన రాత్రి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అసలు పని అప్పుడు మొదలైంది, అదీ కాగితాలతో. ఉద్యోగస్తులకు ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కావాలి. నాలాంటి వ్యాపారస్తులు స్టాంప్ పేపరు మీద ఆదాయం గురించి అఫిడవిట్ ఇవ్వాలి, పాన్ కార్డు, ఐటీ రిటర్నులు జత చేయాలి. మా ఊరి నోటరీ గారు ఆస్తి పంపకాలు, పేరు మార్పులు తప్ప ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. నోటిఫికేషన్‌లోని నమూనా చూపించినా ఆయన సొంత వాక్యాలు కలిపారు. రెండోసారి టైపు చేయించాల్సి వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంతో, ఆధార్‌లో పూర్తిగా ఉంది. తెలుగువాళ్ళందరికీ ఉండే ఈ ఇంటిపేరు గోల దగ్గర చివరిదాకా ప్రతి టేబుల్ మీదా ఆగాను. "రెండూ ఒకరే" అని ఇంకో అఫిడవిట్ రాయించి, నాలుగు కాపీలు ఎప్పుడూ ఫైల్లో పెట్టుకునేవాణ్ణి. స్టాంపులు, నోటరీ, జిరాక్సులు కలిపి మూడు వేలు దాటింది.

2023 ఫిబ్రవరిలో పుణెలో ఇంటర్వ్యూ. సదరన్ కమాండ్ టీఏ గ్రూప్ హెడ్‌క్వార్టర్స్ అక్కడే. దీన్ని ప్రిలిమినరీ ఇంటర్వ్యూ బోర్డు, పీఐబీ అంటారు. ముందు కాగితాల తనిఖీ, ఒక పొడుగాటి ఫారం నింపడం, తర్వాత పిలుపు కోసం కూర్చోవడం. కూర్చోవడమే ఎక్కువ.

లోపల యుద్ధాల గురించి, ఆయుధాల గురించి అడుగుతారని చదువుకుని వెళ్ళాను. మొదటి ప్రశ్న: "మీ షాపులో ఎక్కువ అమ్మకాలు ఏ నెలల్లో?" మార్చి నుంచి జూన్ అన్నాను. "క్యాంపు ఏప్రిల్, మేలో పడితే?" మా బావమరిది చూసుకుంటాడన్నాను. "ఆయనకు చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉందా?" లేదు. "కంపెనీ నుంచి స్టాకు మీ పేరు మీద అప్పుగా వస్తుందా? మీరు లేనప్పుడు ఇస్తారా?" ఇట్లా ఒకదాని వెనుక ఒకటి. మా ఆవిడ అడగాల్సిన ప్రశ్నలన్నీ ముగ్గురు ఆఫీసర్లు అడుగుతుంటే లోపల నవ్వు, భయం రెండూ వచ్చాయి. కల్నల్ గారు లెక్క చూసుకోమన్నది ఎందుకో ఆ కుర్చీలో అర్థమైంది. మనిషిలో సైనికుడు ఉన్నాడా అన్నది తర్వాత జరిగే ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) వాళ్ళ పని. ఈ మనిషి లేచి వెళ్ళిపోతే వెనుక ఇల్లు, షాపు నిలబడతాయా అన్నదే ఇక్కడ చూస్తారు.

సూర్యాపేట అని చూడగానే కల్నల్ సంతోష్ బాబు పేరు ఎత్తారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరుడయ్యేటప్పటికి ఆయన 16 బీహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్. మరుసటి ఏడాది మహావీర్ చక్ర. మా ఊళ్ళో విగ్రహం ఉంది. "ఆయన్ని చూసి వచ్చారా?" అని అడిగారు. అవునంటే మంచి జవాబే అయ్యేది. కానీ ఆ రోజు మా ఊరంతా రోడ్డు మీదే ఉంది, నేనూ ఉన్నాను. ఆ పేరు ఇంటర్వ్యూలో మార్కుల కోసం వాడటం నాకు నచ్చలేదు. "ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది సార్. నేను రావడానికి కారణం మాత్రం ఒక కస్టమర్" అని బోరు సంగతి చెప్పాను. బోర్డు ప్రెసిడెంటు గారు పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నారు.

పీఐబీ అయ్యాక ఎస్ఎస్‌బీ కాల్ లెటర్‌కి నాలుగు నెలలు. అప్పుడే ఎండాకాలం సీజన్. పొద్దున ఐదింటికి పరుగు, ఏడింటికి షాపు, ఫోన్ మోగితే పొలాల్లోకి. బరువు ఐదు కిలోలు తగ్గాను. అందులో పరుగు వాటా ఎంతో, సూర్యాపేట ఎండ వాటా ఎంతో చెప్పలేను.

2023 జూన్ చివర భోపాల్‌లో ఎస్ఎస్‌బీ. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మొదటి రోజే స్క్రీనింగ్: తెలివి పరీక్ష, తర్వాత మసక బొమ్మ ఒకటి చూపించి కథ రాయమంటారు. ఆపైన గుంపుగా కూర్చుని అందరూ కలిసి ఒకే కథ తేల్చాలి. చేపల మార్కెట్ నయం. నేను అరవలేదు. నా వంతు వచ్చినప్పుడు చెప్పి, పక్కవాళ్ళది విని, గొడవ తగ్గాక రెండు కథలూ కలపొచ్చన్నాను. సగానికి పైగా ఆ మధ్యాహ్నమే బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయారు. పరీక్షలో నాకంటే చాలా బాగా చేశానని చెప్పిన బ్యాంకు మిత్రుడూ వాళ్ళలో ఉన్నాడు. ఆయన్ని ఆటో ఎక్కించేటప్పుడు ఏం మాట్లాడాలో తెలియలేదు.

రెండో రోజు సైకాలజీ. బొమ్మలకు కథలు, పదిహేను సెకన్లకో మాట చొప్పున అరవై మాటలకు వాక్యాలు, అరగంటలో అరవై సందర్భాలకు జవాబులు. ఆలోచించే టైము ఇవ్వరు, ఇవ్వకపోవడమే వాళ్ళ ఉద్దేశం. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లిష్ వాక్యం తట్టే లోపు స్లైడు మారిపోయేది. కొన్ని ఖాళీగా వదిలేశాను. అయినా నడిచింది. ఇంగ్లిష్ భయంతో ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది గమనించండి: వ్యాకరణం తప్పులు అక్కడ అందరూ చేశారు, ఢిల్లీ వాళ్ళతో సహా.

గ్రౌండ్ టాస్కులే నాకు పండగ. చెక్క పలక, దుంగ, తాడు ఇచ్చి, నేలకు తగలకుండా గుంపుని, బరువుని అవతలికి చేర్చమంటారు. మా పని రోజూ అదే. ఐదారు వందల అడుగుల బోర్లోంచి మోటారు తీయాలంటే పైపుకి క్లాంపు ఎక్కడ వేయాలి, బరువు ఎటు వాలుతుంది, తాడు ఎవరి చేతిలో ఉండాలి అన్నది ఒక్క క్షణం మర్చిపోయినా లక్ష రూపాయల సరుకు పాతాళానికి పోతుంది. నేను పలక ఎక్కడ కట్టాలో చూపిస్తుంటే, గ్రూపులో ఇరవై నాలుగేళ్ళ ఇంజనీరు "అంకుల్, ఇది వంగుతుంది" అన్నాడు. వంగలేదు. కానీ మరుసటి రోజు విడి ఆటంకాలు మూడు నిమిషాల్లో దాటాల్సి వచ్చినప్పుడు ఆ కుర్రాడు నా కళ్ళ ముందే గాలిలో ఎగిరిపోయాడు, నేను సగం దాటేసరికి విజిల్ పడింది. మోకాలు చెక్కుకుపోయి వారం రోజులు కుంటుతూ నడిచాను.

ఐదో రోజు కాన్ఫరెన్స్. యూనిఫాంల నిండు గది, మధ్యలో ఒక కుర్చీ. భోజనం ఎలా ఉంది, మళ్ళీ రావాల్సి వస్తే ఏం మార్చుకుంటారు లాంటివి రెండు నిమిషాలు అడిగి పంపేశారు. తర్వాత ఎంపికైనవాళ్ళ చెస్ట్ నంబర్లు చదివారు. నాది రెండోది. ఇంకెవరి నంబరూ రాలేదు. మొదటివాడు ఎగిరాడు. నేను లేచి నిలబడ్డాను గానీ కాళ్ళలో బలం లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ముందు ఏడ్చి, తర్వాత "మరి షాపో?" అంది.

మెడికల్ దగ్గర కథ అడ్డం తిరిగింది. మిలిటరీ హాస్పిటల్‌లో నాలుగు రోజులు రక్తం, ఈసీజీ, ఎక్స్‌రే, కళ్ళు, పళ్ళు, చెవులు అన్నీ చూశారు. చెవుల్లో గులిమి ముందే తీయించుకుని వెళ్ళమని కల్నల్ గారు చెప్పి ఉన్నారు, అది మేలు చేసింది. లేకపోతే అక్కడ ఇంకో రెండు రోజులు పోయేవి. చివర ముక్కు దగ్గర ఆగారు. లోపలి దూలం వంకర ఉందట. ముప్పై ఏడేళ్ళుగా ఆ ముక్కుతోనే ఊపిరి పీలుస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. తాత్కాలికంగా అన్‌ఫిట్. సరిచేయించుకుని 42 రోజుల్లో అప్పీల్ మెడికల్ బోర్డు ముందుకు రావాలి.

42 రోజులంటే చాలా ఉన్నట్టుంటుంది. హైదరాబాద్‌లో మొదట చూపించిన ప్రైవేటు హాస్పిటల్‌లో "ఇది ఆపరేషన్ అక్కర్లేని వంకర" అన్నారు, నిజమే కావచ్చు. కానీ నాకు కావాల్సింది సర్టిఫికెట్. రెండో చోట డెబ్భై వేలు అడిగి అరవైకి ఒప్పుకున్నారు. మానడానికి మూడు వారాలు పడుతుందని, ఆ లోపు తుమ్మొచ్చినా నోరు తెరిచి తుమ్మాలని చెప్పారు. ముక్కులో దూది తీసిన రోజు పడ్డ నొప్పి ఎస్ఎస్‌బీ ఐదు రోజుల్లో పడలేదు. ఈ మొత్తంలో నేను నిజంగా వదిలేద్దామనుకున్నది అప్పుడే. అరవై వేలు పెట్టి, ఏడాదికి రెండు నెలల పని కోసం, నెత్తురు ముక్కుతో మంచం మీద పడుకున్నానని మా నాన్న ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. కాదనడానికి ఏముంది! సెప్టెంబర్‌లో అప్పీల్ బోర్డు ముందు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫిట్.

ఇక ఎదురుచూపు. 2023 నవంబర్‌లో పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చారు. కానిస్టేబుల్ గారు యూనిఫాం లేకుండా పక్క హార్డ్‌వేర్ షాపులో నా గురించి అడిగేసరికి, నా మీద ఏదో కేసయిందని బజారంతా పాకింది. ఒక కంపెనీ డీలరు ఫోన్ చేసి పాత బకాయి ఎప్పుడిస్తావని మెత్తగా అడిగాడు! ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. మొదట్లో రోజూ ఈమెయిల్ చూసేవాణ్ణి, సంక్రాంతి తర్వాత వారానికోసారి, ఎండాకాలం సీజన్లో పూర్తిగా మర్చిపోయాను. 2024 జులై మధ్యలో లెటర్ వచ్చింది.

యూనిట్ పేరు, ఎక్కడ అన్నవి రాయను. మొదటి ఏడాది ఒక నెల బేసిక్ ట్రైనింగ్, దాంతో కలిపి రెండు నెలల క్యాంపు. లెఫ్టినెంట్‌కి మూలవేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500, మీద అలవెన్సులు. అయితే నా మొదటి జీతం క్యాంపు అయి ఇంటికొచ్చాక పడింది. ఈలోగా యూనిఫాంలు కుట్టించడం, బూట్లు, ట్రంకు పెట్టె, మెస్ బిల్లు అన్నీ జేబులోంచే. కనీసం యాభై వేలు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. పాతికేళ్ళ సర్వీసున్న సుబేదార్ సాబ్ ముప్పై ఎనిమిదేళ్ళ కొత్త లెఫ్టినెంట్‌కి సెల్యూట్ కొడితే మొదట్లో సిగ్గేసింది. చెయ్యి ఎటు పెట్టాలో కూడా ఆయనే నేర్పారు.

2025 మేలో ఇంట్లో అసలు పరీక్ష వచ్చింది. టీఏలోని ఆఫీసర్లను, సిబ్బందిని అవసరాన్ని బట్టి పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ ఆ నెల 6న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను సేవలోకి తీసుకుంటారని, ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 దాకా ఉంటుందని 9న టీవీలన్నీ మోగించాయి. ఆ రోజు షాపులో ఒక్క మోటారు బేరం కూడా సాగలేదు, వచ్చినవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. అమ్మ పొద్దున్నే గుడికి వెళ్ళి మధ్యాహ్నం దాకా రాలేదు. నేను పెట్టె సర్దుకుని కూర్చున్నాను. ఆ నెలలో నాకు పిలుపు రాలేదు. భయం వేసిందా అని అడుగుతారు. వేసింది. అయితే ఎక్కువ ఆలోచించింది, కంపెనీకి కట్టాల్సిన నాలుగున్నర లక్షల గురించి.

తర్వాత సెప్టెంబర్ నుంచి డెహ్రాడూన్‌లోని ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో మూడు నెలలు, కమిషన్ వచ్చిన రెండేళ్ళలోపు చేయాల్సిన ట్రైనింగ్ అది. ఫైరింగ్, మ్యాపు చదవడం, రాత్రి నడకలు. వాటి గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. సీజన్ కాని నెలల్లో పడటం నా అదృష్టం, అంతే. నేను లేని ఆ మూడు నెలల్లో షాపు అమ్మకం ఐదో వంతు తగ్గింది. మా బావమరిది బాగానే చూశాడు గానీ, పెద్ద రైతులు నాతోనే మాట్లాడతామని ఆగిపోయారట. చెక్కు సంతకాల అధికారం పుణె నుంచి వచ్చిన నెలలోనే మార్పించాను. స్టాకు అప్పు బావమరిది పేరు మీదా ఇచ్చేలా డీలరుతో మాట్లాడాను. జీఎస్‌టీ ఓటీపీ మాత్రం నా ఫోన్‌కే వస్తుంది, ట్రైనింగ్‌లో ఫోన్ రాత్రి దాకా చేతికి రాదు. అక్టోబర్ రిటర్ను లేటయి జరిమానా కట్టాం. బావమరిదిని రెండో సంతకందారుగా చేర్చమని ఆడిటర్ గారికి కాగితాలిచ్చాను. ఈసారి క్యాంపు మార్చిలోనే ఉండొచ్చంటున్నారు, ఆ లోపు ఆ పని అయిపోవాలి.